సాయంత్రం ఆరింటికి అరిచే ల్యాప్‌టాప్

జులై 3

మహారాజశ్రీ కప్పల అక్కగారి సముఖానికి, తమ్ముడు చేతులు కట్టుకుని రాయునది.

అన్నిటికంటే ముందు క్షమాపణలు. నా దస్తూరి కోడి గెలికినట్టు ఉన్నందుకు క్షమించు. నువ్వు కప్పల మీద పరిశోధన చేసే ఆ చిత్తడి నేలలో ఫోను సిగ్నలు లేనందుకు, మన ఉత్తరాలు వారానికొకసారి బియ్యం మూటల పక్కన వ్యానులో ప్రయాణించాల్సి వస్తున్నందుకు క్షమించు. ల్యాప్‌టాప్‌ను కనిపెట్టినవాడు దాన్ని బండరాతితో చెయ్యనందుకు క్షమించు. ఇకముందు రాయబోయే దేనికీ నేను బాధ్యుణ్ణి కాను. బాధ్యుణ్ణి కాని వాటన్నిటికీ ఇప్పుడే కలిపి క్షమాపణ చెప్పేస్తే మన మధ్య ఏ పొరపొచ్చాలూ ఉండవని నా ఉద్దేశం.

ఇక విషయానికొస్తాను. నీ ల్యాప్‌టాప్ సంచి మంగళవారం చేరింది. ఛార్జింగ్ పిన్ను వదులైందని, అదొక్కటి బాగుచేయించమని నీ చీటీలో ఉంది. అయితే అక్కా, నేను ఎంత నొక్కినా అది అసలు వెలగలేదు. ఒక మూల సొట్ట కూడా పడి ఉంది. ఒకరి మీద నింద వెయ్యడం నా స్వభావం కాదు గానీ, ఆ వ్యాను డ్రైవరు గుంతల రోడ్డు మీద ఎలా తోలుతాడో నీకు తెలియంది కాదు.

మా వీధి చివర రిపేరు కొట్లు వరసగా ఉన్నాయి. మొదటి కొట్టాయన మెడలో చిన్న టార్చి వేసుకుంటాడు. వీధంతా ఆయన్ని డాక్టరంటుంది. నీ ల్యాప్‌టాప్ మూత ఎత్తి, వేలితో తట్టి, ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది, నిన్న ఏం చేసింది, ఇంట్లో ఇంకే సిస్టానికైనా ఇలా వచ్చిందా అని అడిగాడు. నేను లేదన్నాను. "రెండ్రోజులు ఇక్కడే ఉంచండి, చూద్దాం. ఇప్పుడే ఏం చెప్పలేం" అన్నాడు. అక్కా, ఆయన గొంతు విని నాకే కళ్ళు తిరిగాయి.

ఈ వీధిలో ఒక పద్ధతుంది. వస్తువులు కలిసిపోకుండా ఎవరి సంచి మీద వాళ్ళ సిస్టం పడుకోవాలి. రాత్రీ పగలూ అంతే. నీది కూడా దాని సంచి మీదే పడుకుంది. పక్క కుదిరింది, దిగులు పడకు.

ఇట్లు,
అన్ని విధాలా నిర్దోషి అయిన
తమ్ముడు


జులై 6

ఒరేయ్,

నీ క్షమాపణలు చదివేసరికి టీ చల్లారిపోయింది. నాకు కావలసింది అవి కాదు.

శ్రద్ధగా చదువు. పాత సీజన్ల రికార్డింగులన్నీ నా పరిశోధన గైడు గారి దగ్గరున్నాయి, వాటికి భయం లేదు. ఈ సీజన్లో జూన్ 19న ఒక కప్ప అరిచింది. పదకొండు సెకన్లు. ఐదేళ్ళుగా ఇక్కడి ప్రతి కప్ప గొంతూ నాకు చుట్టాల గొంతులా తెలుసు. ఇది వాటిలో ఏదీ కాదు. పుస్తకాల్లోనూ లేదు. అరిచినదాన్ని నేను చూడలేదు, మళ్ళీ వినలేదు. ల్యాప్‌టాప్‌లో ఎక్కించాను కదా అని రికార్డరు కార్డు తుడిచేసి వాడుకున్నాను. ఇంకో కాపీ తీసేలోగా ఛార్జింగ్ పిన్ను వదులైంది. ఆ పదకొండు సెకన్లు 'తెలియనివి' అన్న ఫోల్డరులో ఒక్కచోటే ఉన్నాయి. నా థీసిస్‌లో ఐదో అధ్యాయం మొత్తం వాటి మీదే నిలబడి ఉంది. ఆగస్టు 8న ఇవ్వకపోతే నా సీటు పోతుంది. ఐదేళ్ళు బురదలో కలుస్తాయి.

డ్రైవరును అడిగాను. ల్యాప్‌టాప్‌ను పక్క సీట్లో కూర్చోబెట్టి, దానికి బెల్టు పెట్టి, తను బెల్టు లేకుండా తోలాడట. అనుమానించినందుకు ఆయన మొహం చిన్నబోయింది. నాకూ బాగోలేదు.

డాక్టరైనా ఎవరైనా, పిన్ను తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దని చెప్పు.

నువ్వింకా బూట్లు తలకిందులు చేసి దులిపే తొడుక్కుంటున్నావా? నీకు ఏడేళ్ళప్పుడు నేను నీ బూట్లో పెట్టింది గోరంత పిల్ల కప్పరా. నిన్ను చూసి అదే ఎక్కువ హడలిపోయింది.

అక్క


జులై 10

పూజ్యురాలైన అక్కకు,

శుభవార్త. నీ ల్యాప్‌టాప్ కళ్ళు తెరిచింది. శుక్రవారం పొద్దున డాక్టరు లోపలేదో తీగ ఊడిందని అతికించాడు, తెర వెలిగింది. పిన్ను సంగతి రేపు చూద్దామన్నాడు.

ఆ సాయంత్రం ఆరింటికి అది గరగరమంది. డాక్టరు కుర్చీలోంచే చెవి రిక్కించి విని, ఫ్యాను అరిగిపోయిందన్నాడు. కొత్త ఫ్యాను వేశాడు. మర్నాడు ఆరింటికి మళ్ళీ గరగర. కొత్త ఫ్యాను నాసిరకం అయ్యుంటుందని ఇంకోటి వేశాడు. ఆదివారం మళ్ళీ అదే. మూడో ఫ్యాను వెయ్యడానికి అహం అడ్డొచ్చి, అసలు ఫ్యానే తీసేశాడు. సోమవారం ఫ్యాను లేకుండానే అరిచింది. డాక్టరు టార్చి ఆర్పేసి, మెడలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, పెద్ద చోటికి తీసుకెళ్ళమన్నాడు.

పెద్ద చోటంటే ఎదుటి కొట్టే. అక్కడాయన్ను ప్రొఫెసరంటారు. ఏ కాలేజీలోనూ పాఠం చెప్పలేదు గానీ, ఏమడిగినా ముందు కంప్యూటర్ల పుట్టుక దగ్గర్నుంచి మొదలుపెడతాడు. ఆయన చేతిలో మన కేసు భద్రంగా ఉంది. ఇప్పుడు రోజూ ఆరు కాగానే పక్క కొట్లవాళ్ళంతా స్టూళ్ళు తెచ్చుకుని వచ్చి కూర్చుంటున్నారు. ఎవరికి తోచింది వాళ్ళు చెబుతున్నారు. సంచులు కుట్టే పెద్దాయన కూడా ఏదో అన్నాడు. ఆయనకు కంప్యూటర్ల గురించి ఏం తెలుసు, వదిలెయ్.

ఎండలు మండుతున్నాయి కాబట్టి, సిస్టం వేడెక్కకుండా కింద సంచిని రోజూ కాస్త తడిపి ఉంచుతున్నాను. ఇస్త్రీ కొట్టులో నీళ్ళు చిమ్మే సీసా ఒకటి అడిగి తెచ్చాను.

బూట్లు దులపడం పరిశుభ్రత, భయం కాదు. కప్పలంటే నాకు గౌరవం. గౌరవం కాస్త దూరం నుంచే చూపించాలి.

నీ సేవలో,
తమ్ముడు


జులై 13

ఒరేయ్ వెధవా,

కరెంటుతో నడిచే వస్తువు కింద సంచి తడుపుతున్నావా? మన ఇంట్లో నిన్ను డిగ్రీ చదివించారు. ఆ విషయం ఎవరికీ చెప్పకు.

నేను పిన్ను బాగుచెయ్యమన్నాను. మీరు ఫ్యాను వేసి, మళ్ళీ వేసి, తీసేశారు. పిన్ను ఎవరైనా చూశారా? రేపే వెళ్ళి ల్యాప్‌టాప్ వెనక్కి తీసుకో. 'తెలియనివి' ఫోల్డరు కాపీ చేయించి గైడు గారికి అందజెయ్. ఇంకేం చెయ్యకు. ఆరింటికి అది అరిస్తే అరవనీ, ఇక్కడ నా చుట్టూ రోజూ నాలుగు వందలు అరుస్తున్నాయి. నేనేమైనా ఫ్యాన్లు తీసేస్తున్నానా?

డ్రైవరు నాతో మాట్లాడటం మానేశాడు. సరుకులు గుమ్మంలో పెట్టి, కాగితం మీద సంతకం పెట్టాల్సిన చోటు వేలితో చూపించి, పెట్టించుకుని వెళ్ళిపోతున్నాడు. పదేళ్ళలో ఒక్క గుడ్డు పగలగొట్టని మనిషట. ఇక్కడి వంటామె చెప్పింది. ఆ సొట్ట ఆయన వల్లే పడిందని నీకు ఖచ్చితంగా తెలుసా?

అక్క


జులై 17

అక్కా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. పక్కన వంటామెను కూడా కూర్చోబెట్టుకో.

నీ ఉత్తరం నాకు మంగళవారం అందింది. ప్రొఫెసరు చెయ్యాల్సింది సోమవారమే చేసేశాడు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

సోమవారం ఆరింటికి సిస్టం అరిచింది. ప్రొఫెసరు నోట్సు రాసుకున్నాడు. తర్వాత నీ ఫోల్డర్లన్నీ తెరిచి ఒక్కొక్కటే వినడం మొదలుపెట్టాడు. అన్నీ కప్పల అరుపులే. గంటసేపు విని, పెన్ను కింద పెట్టి, స్టూళ్ళ మీదున్నవాళ్ళందరి వైపూ తిరిగాడు.

"లోపల నాలుగు వేల కప్పలుంటే సిస్టం అరవక ఏం చేస్తుందయ్యా?"

అందరూ తలలూపారు. డాక్టరు లేచొచ్చి ఆయనకు చెయ్యి కలిపాడు. నిండిపోయిన కుండ పొర్లినట్టు నిండిపోయిన సిస్టం శబ్దం కక్కుతుందట. మందు ఒక్కటే, ఖాళీ చెయ్యాలి. నన్నొక కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. నేనేదో చెప్పబోయాను. ఏం చెప్పబోయానో తర్వాతెప్పుడైనా చెబుతాను. నోరు తెరిచాను, మూశాను. అంతలో మొత్తం తుడిచేశాడు. 'తెలియనివి' కూడా పోయింది. ఎవరికీ తెలియకుండా పోయింది.

మంగళవారం ఆరింటికి ఖాళీ సిస్టం అరిచింది. బ్యాటరీ తీసేసి చూశారు. అప్పుడూ అరిచింది. ప్రొఫెసరు కళ్ళజోడు తుడుచుకుని, "ఇది రోగం కాదు, అలవాటు" అని తీర్పు చెప్పి చేతులెత్తేశాడు.

నీ మేలు కోరి గైడు గారికి ఫోను చేశాను. మా అక్క ల్యాప్‌టాప్ బ్యాటరీ లేకుండా కప్పలా అరుస్తోంది, గడువు పెంచగలరా అని వినయంగానే అడిగాను. ఆయన నా మాట రెండోసారి చెప్పించుకున్నారు. తర్వాత, మీ అక్క ఒంటరిగా ఉండబట్టి ఎన్నాళ్ళయింది అని మెల్లగా అడిగారు. ఐదేళ్ళన్నాను.

ఈసారి సంతకం చెయ్యడానికి మొహం చెల్లడం లేదు.


జులై 20

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి బయట బల్ల మీద కూర్చున్నాను. చీకటి పడేదాకా లేవలేదు. తిడదామనుకున్నాను, తిట్టు రాలేదు. ఐదో అధ్యాయం కాగితాలు తీసి అట్టపెట్టెలో పెట్టేశాను. వంటామె అన్నం అక్కడికే తెచ్చి పెట్టింది.

గైడు గారి నుంచి చీటీ వచ్చింది. పని పక్కన పెట్టి పూర్తిగా విశ్రాంతి తీసుకోమని, ఏవైనా శబ్దాలు వినిపిస్తుంటే సంకోచం లేకుండా చెప్పమని. నా ఉద్యోగమే శబ్దాలు వినడం. ఇప్పుడాయనకు ఏమని జవాబు రాయాలి?

పడుకున్నాక ఒక సంగతి గుచ్చుకుంది. బ్యాటరీ లేదు, ఫ్యాను లేదు, ఫైళ్ళు లేవు. అయినా అరుస్తోంది. రోజూ పొద్దుగూకే వేళకే అరుస్తోంది. తడిపిన సంచి మీద అరుస్తోంది.

కింది ప్రశ్నలకు వేషాలెయ్యకుండా జవాబు రాయి. శబ్దం ఎలా మొదలవుతుంది? ఎన్నిసార్లు? మధ్యలో ఆగుతుందా? చివర ఎలా ఉంటుంది? ఎవరైనా దగ్గరికెళితే ఆగిపోతుందా? ల్యాప్‌టాప్‌ను సంచి మీది నుంచి తీసి దూరంగా పెట్టి ఎవరైనా విన్నారా?

అక్క


జులై 24

అక్కా,

వేషాలు లేవు. స్టూలు మీద కూర్చుని, గడియారం చూసుకుంటూ రాశాను.

మొదట మూడుసార్లు గొంతు సవరించుకున్నట్టు గరగరమంటుంది. తర్వాత, మనింటికొచ్చిన పెద్దమనిషి అప్పడగబోయి మానుకున్నట్టు, కాసేపు ఆగుతుంది. చివర్లో ఒకే ఒక్కసారి సైకిలు గంట మోగినట్టు సన్నగా మోగుతుంది. మళ్ళీ మొదటికొస్తుంది. ఎవరైనా వంగి చెవి పెడితే ఠక్కున ఆగిపోతుంది. అందుకే డాక్టరు ఎప్పుడూ, "నేను పట్టుకోగానే నయమవుతోంది" అనేవాడు.

సంచి మీది నుంచి తీసి ఎవరూ వినలేదు. వీధి పద్ధతి ప్రకారం తీయకూడదు కదా. నువ్వడిగావని నిన్న నేనే ల్యాప్‌టాప్‌ను ఎత్తుకుని వీధి అవతలికి వెళ్ళి నిలబడ్డాను. అది కిక్కురుమనలేదు. కొట్లో ఖాళీ సంచి అరిచింది.

ప్రొఫెసరు సంచి వైపు చూసి, శబ్దం సంచికి అంటుకుందన్నాడు. డాక్టరు ఒప్పుకోలేదు. ఇద్దరికీ పెద్ద వాదన జరుగుతోంది. నేను సంచి తడిపి వచ్చేశాను.

తమ్ముడు


జులై 27

ఒరేయ్ తమ్ముడూ,

తొందర తొందరగా రాస్తున్నాను, అక్షరాలు సరిగా లేకపోతే సర్దుకో. ఈసారి కోడి నేనే.

మూడు గరగరలు, విరామం, ఒక గంట. అదేరా. జూన్ 19న అరిచింది అదే. ఆ పదకొండు సెకన్లు నేను నూరుసార్లు విన్నాను, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. నా సంచి తడి బల్ల మీద ఉండేది. ఏ పొద్దునో అందులోకి దూరుంటుంది. దానికోసం నేను నెలంతా మోకాలి లోతు నీళ్ళలో జలగలకు రక్తం పోస్తూ వెతికాను. అదేమో బెల్టు పెట్టుకుని, ముందు సీట్లో కూర్చుని, మీ ఊరొచ్చి, ఇద్దరు నిపుణుల చేత వైద్యం చేయించుకుంటోంది.

రికార్డింగు పోయినా పరవాలేదు. గొంతుకు మనిషి దొరికింది. కాదు, కప్ప దొరికింది. చూశావా, నాకు నిజంగానే విశ్రాంతి కావాలి.

గైడు గారికి కబురు పెట్టాను. ఆయన్ను వెంటబెట్టుకుని వచ్చే వ్యానులో వస్తున్నాను. ఐదో తేదీకి అక్కడుంటాం. ఎనిమిదికి మూడు రోజులుంది, చాలు. అట్టపెట్టె మళ్ళీ విప్పేశాను.

నేనొచ్చేదాకా ఆ కప్పను ఎవరిచేతా రిపేరు చేయించకు. వెడల్పు మూతి గాజు సీసాలో తడిగుడ్డ వేసి, మూతకు చిల్లులు పెట్టి అందులోకి మార్పించు. నీవల్ల కాదని నాకు తెలుసు, ఎవరినైనా అడుగు. అది బతికుంటే నేను బతికినట్టే.

ఒక్క సంగతి మాత్రం అర్థం కాలేదు. ఎండిన సంచిలో అది రెండు రోజులు కూడా బతకదు. నువ్వు పిచ్చివాడిలా రోజూ నీళ్ళు చల్లబట్టి దక్కింది. ఎంత అదృష్టంరా.

అక్క


జులై 31

అక్కా,

ఈ ఉత్తరం శుక్రవారం వ్యానులో నీకు చేరుతుంది. నువ్వు ఇక్కడికి బయల్దేరేముందు చదవాలనే రాస్తున్నాను. ఎదురుగా చెప్పే ధైర్యం లేదు.

ముందు కప్ప సంగతి. క్షేమం. సీసాలోకి మార్చమని డాక్టరును అడిగితే, ప్రాణమున్నవాటిని తాను చూడనన్నాడు. ప్రొఫెసరు కప్పల పుట్టుక దగ్గర్నుంచి మొదలుపెట్టి, మెల్లగా వెనక్కి నడుచుకుంటూ కొట్టులోంచే వెళ్ళిపోయాడు. సంచులు కుట్టే పెద్దాయన నా వైపు చూసి నవ్వి, సూదిలో దారం ఎక్కించుకుంటూ కూర్చున్నాడు. ఇక నేనే మిగిలాను.

సంచి పక్క అరలో, ఛార్జరు తీగ చుట్టలో కూర్చుని ఉంది. నా బొటనవేలి గోరంత ఉంటుంది. తీగ పైకెత్తితే నా మణికట్టు మీదికి గెంతింది. చల్లగా, తడిగా ఉంది. నేను కదల్లేదు. కళ్ళు మూసుకోలేదు కూడా. అలాగే నడిచి సీసా దాకా వెళ్ళాను. నిన్న ఆరింటికి నా కిటికీలోంచి అరిచింది. వీధిలో స్టూళ్ళన్నీ ఖాళీ. కాస్త బెంగగా అనిపించింది.

ల్యాప్‌టాప్ కూడా సీసా పక్కనే ఉంది. ఛార్జింగ్ పిన్ను ఇప్పటికీ వదులుగానే ఉంది. దాన్నెవరూ ముట్టుకోలేదు. 'ముట్టుకోవద్దు' అన్న నీ మాట దాని ఒక్కదాని విషయంలోనే నిలబడింది.

ఇక అసలు సంగతి. మొదటి ఉత్తరంలో చాలా క్షమాపణలు చెప్పాను. అవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. బండరాయి, సిగ్నలు, నా దస్తూరి వాటి తంటాలు అవి పడతాయి. డాక్టరు మూడు రోజుల్లో రెండు ఫ్యాన్లు మార్చింది నిజమే, ప్రొఫెసరు తుడిచేసింది నిజమే. కానీ సంచులు కుట్టే పెద్దాయన మొదటి సాయంత్రమే, "బాబూ, అది కప్ప" అన్నాడు. ఆయన్ను నోరు మూసుకోమని సైగ చేసింది నేను. ఎందుకంటే ఆ సంగతి నాకు ఆయనకంటే ముందే తెలుసు. ఆ సోమవారం ప్రొఫెసరు చెయ్యి మీట మీద ఉన్నప్పుడు నేను చెప్పబోయి మానుకున్న మాట అదొక్కటే. చెప్పి ఉంటే నీ పదకొండు సెకన్లు మిగిలేవి. కానీ కప్ప ఉందని ఎలా తెలుసని అడుగుతారు. ఆ జవాబు చెబితే మిగతాదీ చెప్పాలి. అందుకే నోరు మూసుకుని, రోజూ చెయ్యి చాచినంత దూరంలో నిలబడి, తల పక్కకు తిప్పుకుని సంచి మీద నీళ్ళు చల్లాను. అది అదృష్టం కాదు అక్కా. అది చచ్చిపోతే ఆ పాపం కూడా నా నెత్తినే పడుతుందన్న భయం.

ఈ ఉత్తరాన్ని ముందు డ్రైవరుగారికి చదివి వినిపించు. ఆయన అలక తీరేదాకా ఎన్నిసార్లయినా చదువు. నీ ల్యాప్‌టాప్ నా గదికి చెక్కుచెదరకుండా వచ్చింది. సొట్ట లేదు. మీట నొక్కితే వెలిగింది కూడా.

జులై ఒకటిన, పిన్ను చూపిద్దామని దాన్ని సంచిలోంచి తీసి పట్టుకుని, మూడో అంతస్తు మెట్లు దిగుతున్నాను. ఇంకో చేతిలో ఉన్న సంచిలోంచి ఏదో చల్లగా, తడిగా వచ్చి నా మణికట్టు మీద కూర్చుంది. మళ్ళీ సంచిలోకే గెంతేసింది. అంతలోనే, ఈ మొత్తం వ్యవహారంలో నా చేతులతో నేను నిజంగా చేసిన పని ఒకటుంది.

ల్యాప్‌టాప్‌ను వదిలేశాను. సంచిని మాత్రం పట్టుకున్నాను.

తమ్ముడు